సభ్యత్వం పేరిట కులానికి కాపలా

‘ప్రశాంతమైన కాలనీలో సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు అమ్మబడును. సొసైటీ అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు, తూర్పు ముఖం. బోరు నీటితో పాటు భగీరథ నల్లా. చిన్న కుటుంబానికి అనుకూలం.’ గత వేసవిలో మహబూబ్‌నగర్ జిల్లా అనుబంధంలో వచ్చిన ఈ ప్రకటనను మా అక్క కత్తిరించి సంచిలో పెట్టుకున్నది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పయ్యేళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. బావ లేడు. బిడ్డ పెళ్లయి పుణెలో ఉంటున్నది. ఒక గది, ఒక వంటిల్లు, ఎక్కువ మెట్లు ఎక్కే పని లేని ఇల్లు, పొద్దున నడవడానికి నాలుగు చెట్లున్న వీధి. ఆమె కోరుకున్నది అంతే. గ్రాట్యుటీ సొమ్ము చేతిలో ఉన్నది కనుక బ్యాంకు అప్పు అవసరం కూడా లేదు.

ఫ్లాటు యజమాని మర్యాదస్తుడు. రెండు మాటల్లో ధర కుదిరింది, బయానా తీసుకున్నాడు. ‘సొసైటీ వాళ్ల నిరభ్యంతర పత్రం కావాలె, సభ్యత్వం మీ పేరు మీదికి మారాలె, అదంతా లాంఛనమే’ అన్నాడు. ఆ లాంఛనం కోసమే ఒక ఆదివారం అక్కా నేనూ సొసైటీ ఆఫీసుకు వెళ్లాం. కమిటీ సభ్యులు ముగ్గురు, ముగ్గురూ విశ్రాంత ఉద్యోగులు. చాయ్ తెప్పించారు. అక్కకు పెన్షన్ ఎంత వస్తుందని గానీ, నెలనెలా మెయింటెనెన్స్ కట్టగలదా అని గానీ ఒక్కరూ అడగలేదు. ‘మీది ఏ ఊరమ్మా?’ అన్నారు. చెప్పింది. ‘ఊర్ల మీ ఇల్లు ఏ దిక్కు?’ అన్నారు. పాలమూరు పల్లెల్లో పుట్టిన వారెవరికీ ఈ ప్రశ్న అర్థం కాకపోవడం ఉండదు. అక్క తడుముకోలేదు. ‘మాదిగ గేరి సార్’ అన్నది. ‘అయ్యో, అట్ల గాదమ్మా, ఊకనే అడిగినం’ అని ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన, ‘మా బిల్డింగుల ఎవ్వరు నీసు వండరు, ముందే చెప్తున్నం’ అన్నాడు.

తర్వాత మూడు వారాల పాటు కమిటీ కూర్చోలేదు. ఒకసారి కార్యదర్శి ఊళ్లో లేడు, ఒకసారి ముద్ర దొరకలేదు. నాలుగో వారం ఫ్లాటు యజమానే మా ఇంటికి వచ్చి బయానా డబ్బులు తిరిగి అక్క చేతిలో పెట్టాడు. ‘రేపు నాకేదన్న పని పడితే వాళ్ల దగ్గరికే పోవాలె గద సార్’ అన్నాడు నాతో. ఇంత జరిగినా కాగితం మీద ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. మేము కాదన్నామని ఎవరూ అనలేదు. ఆ సొసైటీ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే అది ఒక సొసైటీ, ముగ్గురు ముసలివాళ్ల సంగతిగా మిగిలిపోతుంది. ఈ వ్యాసం వారి మీద ఫిర్యాదు కాదు. ఒక కొనుగోలు వ్యవహారం ఎక్కడ, ఏ చట్టపు నీడలో కులపరీక్షగా మారుతున్నదో చూపడమే దీని ఉద్దేశం.

సాధారణ అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొంటే కొన్నవాడికీ అమ్మినవాడికీ నడుమ రిజిస్ట్రేషన్ ఆఫీసు తప్ప మరొకరు ఉండరు. అక్కడ కూడా కులం పనిచేస్తుంది, కాదనను. అద్దె ఇల్లు వెతికిన ప్రతి దళిత ఉద్యోగికీ, ప్రతి ముస్లిం కుటుంబానికీ ఆ అనుభవం ఉన్నదే. కానీ అక్కడ అది ఒక యజమాని నిర్ణయం. ఒక గుమ్మం మూసుకుంటే మరో గుమ్మం తట్టవచ్చు. సహకార సంఘపు ఇంటి సంగతి వేరు. అసలైన సహకార గృహ వ్యవస్థలో సభ్యుడికి ఉండేది సంఘంలో వాటా, ఆ వాటా వల్ల వచ్చే నివాస హక్కు. ఇల్లు చేతులు మారాలంటే ముందు సభ్యత్వం మారాలి. మన వైపు చాలా సొసైటీలు ప్లాట్లు పంచి సేల్‌డీడ్లు చేసి ఇచ్చినవే అయినా, బదిలీకి కమిటీ అనుమతి కావాలన్న షరతును బైలాల్లో నిలుపుకొన్నవి ఉన్నాయి. అంటే కొనేవాడు డబ్బు చెల్లిస్తే సరిపోదు, అతన్ని లోపలికి ‘చేర్చుకోవాలి’. చేర్చుకోవడం అనే మాట వచ్చిన చోట మన సమాజంలో ఏ ప్రశ్న వస్తుందో చెప్పనక్కరలేదు.

కులం అంటే తలుపులు మూసుకొన్న వర్గమని అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పరిశోధన పత్రంలో నిరూపించారు. మరుసటి ఏడాదే ఆ సిద్ధాంతం ఆయనకు ఇంటి రూపంలో ఎదురైంది. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వచ్చిన ఆ యువ పండితుడికి ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకొని తలదాచుకున్నారు. సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకొని వచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఏదో ఒక సాకు చెప్పారు. చివరకు ఒక తోటలో కూర్చొని సాయంత్రం దాకా గడిపి బొంబాయి రైలు ఎక్కవలసి వచ్చింది. చేతిలో ఉద్యోగం ఉన్నది, విదేశీ చదువు ఉన్నది, రోజుకింత అని కట్టడానికి డబ్బూ ఉన్నది. లేనిదల్లా చేర్చుకొనేవారే.

ఆ సంఘటన జరిగిన ఎనభై ఎనిమిదేళ్లకు అదే గుజరాత్ నుంచి, అదే పార్సీ సమాజానికి చెందిన ఒక గృహ సహకార సంఘం వివాదం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ అహ్మదాబాద్‌లో 1926లో రిజిస్టరైనది. పార్సీలు కాని వారికి సభ్యత్వం లేదు. ఒక సభ్యుడు తన స్థలాన్ని బయటివారికి అమ్మబోతే సొసైటీ అడ్డుకున్నది. 2005 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు సొసైటీ పక్షాన తీర్పు చెప్పింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చినదే, సభ్యుడు తనంతట తాను ఆ నియమాలకు ఒప్పుకొని చేరాడు, కనుక అమ్మకం మీద ఉన్న ఆ హద్దు చెల్లుతుందన్నది తీర్పు సారాంశం.

ఆ తీర్పును విమర్శించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సంఖ్య నానాటికీ తగ్గిపోతున్న ఒక చిన్న మైనారిటీ తన వాళ్ల మధ్య బతకాలనుకోవడం, ఊరినీ భూమినీ అధికారాన్నీ చేతిలో పెట్టుకున్న కులాలు ఇతరులను రానివ్వకపోవడం ఒకటి కావు. మతకల్లోలాల తర్వాత భయంతో ఒక చోట చేరిన ముస్లిం బస్తీని, శాకాహారం పేరుతో గేటు కట్టుకున్న అగ్రకుల కాలనీని ఒకే తక్కెడలో తూచలేం. కానీ తీర్పు ఈ తేడాను చట్టసూత్రంగా నిలబెట్టలేదు. దాని తర్కం పార్సీలకు ఎంత పనికివచ్చిందో, ఏ కుల సంఘపు కాలనీకైనా అంతే పనికివస్తుంది. బైలాలో కులం పేరు నేరుగా రాసుకొనే ధైర్యం మన దగ్గర చాలా సొసైటీలకు లేదు. వాటికి ఆ అవసరమూ లేదు. అనుమతి ఇచ్చే అధికారం, కారణం చెప్పనక్కరలేని మౌనం, ఈ రెండూ ఉంటే చాలు.

అయితే ఆ తీర్పులోనే మన వాదానికి పనికివచ్చే మాట ఒకటి ఉన్నది. ఇలాంటి బైలాలు వద్దనుకుంటే శాసనసభ చట్టం చేయాలి, చట్టం లేనంత కాలం అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమని కోర్టు తనంతట తాను కొత్త సూత్రం తీయలేదని న్యాయమూర్తులు అన్నారు. బంతి శాసనసభ వైపు వచ్చి పడి ఇరవై ఏళ్లయింది. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. 97వ రాజ్యాంగ సవరణ ద్వారా కేంద్రం ఆ రంగంలోకి చొచ్చుకొని వచ్చిన భాగాన్ని 2021 జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్రాల సంఘాల వరకు కొట్టివేసింది. కాబట్టి ఢిల్లీ వైపు చూసే పని లేదు. ఉమ్మడి రాష్ట్రం నుంచి సంక్రమించిన 1964 నాటి సహకార సంఘాల చట్టాన్ని సవరించే అధికారం తెలంగాణ శాసనసభకు పూర్తిగా ఉన్నది. సవరించాలన్న ఆలోచన ఏ పార్టీ నోటా వినలేదు.

చట్టం అసలే లేదా అంటే, ఉన్నది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌ను ఒక్కసారి చదవమని న్యాయవాద మిత్రులను కోరుతున్నాను. బావులు, హోటళ్లు, శ్మశానాల వరుసలోనే, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహాన్ని కట్టుకోవడం, కొనుక్కోవడం, అందులో ఉండడం విషయంలో అస్పృశ్యత కారణంగా అడ్డుపడడం నేరమని అందులో స్పష్టంగా ఉన్నది. బాధితులు షెడ్యూల్డ్ కులం వారైతే, ఆ పని అస్పృశ్యత కారణంగానే జరిగిందని కోర్టు భావించాలనీ, కాదని నిరూపించుకొనే భారం ఎదుటివారిదేననీ పన్నెండో సెక్షన్ చెబుతుంది. ఇంత బలమైన నిబంధన ఉండి ఏం లాభం? శిక్ష నెల నుంచి ఆరు నెలలు. జరిమానా వంద నుంచి ఐదు వందల రూపాయలు. ఆ గరిష్ఠ జరిమానా మొత్తం అదే అపార్ట్‌మెంటులో ఒక నెల మెయింటెనెన్సుకు సరిపోదు. పైగా అడ్డుపడినట్టు చూపడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. కూర్చోని కమిటీ మీద, దొరకని ముద్ర మీద కేసు ఎట్లా పెట్టాలి? అప్పీలుకు వెళ్లాలన్నా చేతిలో నిరాకరణ పత్రం ఉండాలి. రాయకపోవడమే ఇక్కడ అసలు ఆయుధం.

‘మా కాలనీ, మా ఇష్టం’ అనేవారికి ఒక మాట. ఆధునిక సహకారోద్యమం 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో మొదలైంది. ప్రపంచ సహకార సమాఖ్య ప్రకటించిన సూత్రాల్లో మొట్టమొదటిది బహిరంగ సభ్యత్వం. సామాజిక స్థాయి, జాతి, మతం, స్త్రీపురుష భేదం చూడకుండా చేర్చుకోవాలన్నది దాని అర్థం. ఈ సూత్రాన్ని పాటించని సంఘానికి సహకారమన్న పేరెందుకు? ఇంకొకటి, మన గృహ సహకార సంఘాలు చాలావరకు సొంత రెక్కల మీద ఎదిగినవి కావు. ప్రభుత్వ భూమి, రాయితీ ధర, పన్ను మినహాయింపు, ప్రభుత్వ సంస్థల అప్పులు, వీటిలో ఏదో ఒకటి వాటి పునాదిలో ఉన్నది. హైదరాబాద్ మహానగర పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఉన్నతాధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల గృహ సంఘాలకు చౌకగా భూములిచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టివేసింది. ఉన్నవారికే మళ్లీ పంచిపెట్టడం సమానత్వ సూత్రానికి విరుద్ధమన్నది. ఆ తీర్పు భూమి ఎవరికి ఇచ్చారన్నది మాత్రమే చూసింది. ఇచ్చిన భూమిలో కట్టుకున్న ఇళ్లలోకి తర్వాత ఎవరిని రానిస్తున్నారన్న ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. ప్రజల భూమి మీద లేచిన కాలనీ సొంత క్లబ్బు ఎట్లా అవుతుంది?

ఈ కాలనీలు కట్టినదెవరన్నది మరో ప్రశ్న. పాలమూరు లేబర్ అన్న పేరు ఈ దేశంలో ఆనకట్టలు, కాలువలు, అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతి చోటా తెలుసు. మా నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయి, పుణె పోయినవాడే. స్లాబు పోసే రోజున ఇంటివారు కోడినో యాటనో కోసి కూలీలకు పెట్టడం మన వైపు ఆనవాయితీ. నీసు వండని ఆ బిల్డింగుకు ఎన్ని స్లాబులు పడ్డాయో, ఎన్ని యాటలు తెగాయో ఆ పెద్దమనుషులను అడగాలనిపించింది. అక్క ముఖం చూసి ఊరుకున్నాను.

పట్నం వస్తే కులం పోతుందని మా తరానికి చెప్పిన పెద్దలు ఎంతోమంది. ఊరి బురదలో నుంచి నగరం గాలిలోకి వెళ్లమన్నారు. 2011 జనాభా లెక్కల్లోని అతి చిన్న గణన విభాగాల దాకా వెళ్లి, మూడు లక్షల జనాభా దాటిన నగరాలను పరిశీలించిన బెంగళూరు ఐఐఎం పరిశోధకులు, నగరం పెద్దదైనంత మాత్రాన కులాల వారీ నివాస విభజన తగ్గడం లేదని తేల్చారు. ఇందులో ప్రభుత్వం పాత్ర కూడా తక్కువేమీ కాదు. పక్కా ఇళ్ల పథకాల పేరుతో దశాబ్దాల పాటు ఊరి బయట ఎస్సీ కాలనీలు కట్టింది. గుడిసె పోయి సిమెంటు ఇల్లు వచ్చింది గానీ వాడ అక్కడే ఉన్నది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టడంతో బాధ్యత తీరిపోయిందనుకున్నారు. రెండు పడకగదుల ఇళ్ల పథకంలో లాటరీ తీసి ఇచ్చిన చోట్ల మాత్రం మెట్ల మీద అన్ని కులాల చెప్పులూ కనబడతాయి. ఆ ఇళ్ల నాణ్యత మీద, దూరం మీద ఎన్ని విమర్శలైనా ఉండనీ, ఆ ఒక్క మేలు గమనించదగినది. సింగపూర్ 1989 నుంచి తన ప్రభుత్వ గృహాల్లో ఒక్కో బ్లాకులో ఒక్కో జాతివారికి పరిమితి పెట్టి, ఏ జాతీ ఒక చోట గుంపుగా మూసుకోకుండా చూస్తున్నది. ఆ పద్ధతి మనకు యథాతథంగా సరిపడకపోవచ్చు. కలిసి ఉండడం దానంతట అదే జరగదన్న గుర్తింపైనా మనకు రావాలి.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికి ఈ వ్యవహారం కొత్త కాదు. న్యూయార్క్‌లో కోఆప్ అపార్ట్‌మెంటులో ఒక్క పడకగది ఇల్లు కొనాలన్నా ఆదాయ పత్రాలతో బోర్డు ముందు కూర్చోవాలి. జాతి వివక్ష చట్టరీత్యా నేరమైనా, బోర్డు నోరు మూసుకొని కాదంటే నల్లజాతి వారు అసలు కారణాన్ని రుజువు చేయలేక దశాబ్దాలుగా పోరాడుతున్నారు. ఇండ్ల అమ్మకాల్లో జాతి షరతులను కోర్టులు అమలు చేయజాలవని అక్కడి సుప్రీంకోర్టు 1948లోనే చెప్పింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఉద్యోగాలతో పాటు నివాసాల్లోనూ కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ అక్టోబరులో తిప్పి పంపాడు. ఆ బిల్లును వ్యతిరేకించిన వారిలో మనవాళ్లూ ఉన్నారు. కులం ఇక్కడ లేదంటూనే, కులం గురించి అడగవద్దంటూనే దానిని వ్యతిరేకించారు.

మా అక్క ఉదంతంలో నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు. అమ్ముకోవలసిన అవసరం ఉన్న యజమాని కూడా నష్టపోయాడు. అదే ఫ్లాటు ప్రకటన ఈ నెలలో మళ్లీ కనిపించింది, ధర తగ్గించి. తన ఇంటిని తనకు నచ్చిన వారికి అమ్ముకొనే స్వేచ్ఛ లేని మనిషిని ఆ ఇంటికి యజమాని అని ఎట్లా అనాలి? కులం లోపలివారిని కూడా కట్టి పడేస్తుందన్న సంగతి మన మధ్యతరగతికి తన ఆస్తి ధర దగ్గరైనా తట్టవచ్చునేమో.

రాష్ట్ర ప్రభుత్వం 2024 చివర ఇంటింటికీ తిరిగి కులగణన చేసింది. షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతమని, వెనుకబడిన కులాలు 56.33 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ లెక్కలు రిజర్వేషన్ల చర్చకే పరిమితం కావడం విచారకరం. ఏ వార్డులో, ఏ కాలనీలో ఎవరు ఉంటున్నారు, ఎవరు అసలే లేరు అన్నది కూడా ఆ వివరాల నుంచే తీయవచ్చు. వ్యక్తుల పేర్లు లేకుండా వార్డుల వారీగా బయటపెట్టాలి. సహకార చట్టానికి చేయవలసిన సవరణ అర పేజీకి మించదు. సభ్యత్వాన్ని గానీ, ఇంటి బదిలీని గానీ కులం, మతం, తిండి అలవాటు ఆధారంగా కట్టడి చేసే బైలా చెల్లదని రాయాలి. బదిలీ దరఖాస్తుకు ముప్పై రోజుల్లో కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని రాయాలి. ఐదు వందల జరిమానా కేంద్ర చట్టంలోనిది కనుక దాని సంగతి మన ఎంపీలు పార్లమెంటులో మాట్లాడాలి. ఈలోగా జిల్లా సహకార అధికారులు తమ పరిధిలోని గృహ సంఘాల బైలాలన్నీ తెప్పించి చదవవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు.

అక్క ఇప్పుడు పాత అద్దె ఇంట్లోనే ఉన్నది. మళ్లీ ఎక్కడా చూడనన్నది మొదట్లో. రెండు నెలల తర్వాత తనే మనసు మార్చుకొని, ఆ సొసైటీ బైలాల ప్రతి ఇప్పించమని, తన బదిలీ దరఖాస్తు మీద ఏ నిర్ణయం జరిగిందో తెలుపమని రెండు పేజీల దరఖాస్తు స్వయంగా రాసింది. నేను తప్పులు దిద్దుతానంటే వద్దన్నది. గత సోమవారం దానిని జిల్లా సహకార అధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం.